పెట్టిన చేయి, తలచిన మనసు

బెంగళూరు నగరమునకు పుష్యమాసము వచ్చినదని తెలిసికొనుటకు పంచాంగము విప్పనక్కరలేదు. వీధి మలుపున అనపకాయల వాసన తగిలిన చాలును. మాగడి, హొసకోట, కోలారు ప్రాంతముల నుండి బస్తాలు దిగును. కాలిబాటల మీద, బండ్ల మీద పచ్చని కుప్పలు వెలయును. కన్నడిగులు ఈ కాయను అవరెకాయ అందురు. రాయలసీమ నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు అనపకాయ అందురు. పేరు వేరైనను రుచి యొక్కటే. విశ్వేశ్వరపురములో సజ్జనరావు సర్కిల్ దాపున నున్న తిండి వీధి ఈ కాయతో చేయు వంటకములకు ప్రసిద్ధి చెందినది. అచ్చట ముక్కు మొగము తెలియని వారు సైతము ఒకరి ప్రక్క నొకరు నిలిచి తినుచు, తమ తమ ఇండ్లలో పెద్దవారు దీనిని ఎట్లు వండెడివారో చెప్పుకొందురు.

ఈ కాయకు ఒక గుణము కలదు. ఇది ఒంటరివాని వంట కాదు. బుట్టెడు కాయలు ఒలిచిన గిన్నెడు గింజలు వచ్చును. ఆ గింజలను నీటిలో నానవేసి, ఒక్కొక్క గింజను వ్రేళ్ల నడుమ నొక్కి, తోలు తీసిన గాని పితికినపప్పు సిద్ధము కాదు. ఒక్కరే కూర్చున్నచో పూట గడచిపోవును. నలుగురు కూర్చున్నచో పని తెలియదు. చేతులు పనిలో నుండగా నోరు మాటలలో పడును. ఆ మాటలలో తప్పక, గతించిన ఒక అవ్వ పేరో అత్త పేరో వచ్చును. “ఆయమ్మ శొంఠి వేసి చేసేది” అని ఒకరందురు. “కాదు, మిరియాలు” అని మరియొకరందురు. వంట పూర్తి యగుసరికి ఆ పోయిన ఇల్లాలు కూడ వంటయింట నొక మూల కూర్చున్నట్లే యుండును.

ఆహారము, స్నేహము, గతించిన ఆప్తుల తలపు అను మూడును ఇట్లు ఒక్క గిన్నెలో కలియుట అందరు ఎరిగినదే. కాని శ్రావకుడు దీనిని ఎట్లు గ్రహింపవలెను? ఇది కేవలము జిహ్వాచాపల్యమా? గతించినవారిని తలచుట మోహమగునా? లేక ఇందులో ధర్మమేమైన కలదా? ఈ ప్రశ్నలను శాస్త్రము వెలుగులోను, బెంగళూరు పేట జీవితము వెలుగులోను విచారించుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. గతించినవారికి ఆకలి ఉన్నదా?

మొదట తేల్చుకొనవలసిన సంగతి ఇది. జైన సిద్ధాంతము ప్రకారము జీవుడు ఒక దేహము విడిచిన పిదప ఎచ్చటనో వేచియుండి, బంధువులు పెట్టు ముద్ద కొరకు ఎదురుచూచుట లేదు. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థ సూత్రములో జీవుని ప్రయాణమును వివరించుచు, దారిలో జీవుడు ఆహారము లేక యుండు కాలము ఒకటి, రెండు, మహా అయిన మూడు సమయములని దిగంబర పాఠమున చెప్పిరి. శ్వేతాంబర పాఠమున అది ఇంకను తక్కువ. సమయమనగా గంటయు కాదు, నిమిషమును కాదు. కాలములో ఇంక విభజింపరాని అత్యల్ప భాగము. కనురెప్ప పాటులో అట్టి సమయములు లెక్కింప నలవికానన్ని గడచును.

కావున కన్నతల్లి పోయిన పదునొకండవ దినమున గాని, సంవత్సరమునకు గాని, కుమారుడు పెట్టు అన్నము ఆమెకు చేరదు. ఆమె జీవుడు తన కర్మానుసారముగ ఎప్పుడో మరియొక చోట జన్మించినది. ఈ మాట వినుటకు కొంచెము కఠినముగ తోచును. కాని దీనిలో గొప్ప ఓదార్పు కలదు. పోయినవారు ఆకలితో లేరు. వారిని గూర్చి దిగులు పడవలసిన పని లేదు.

అయినచో మిగిలినవారి గుండెలో నున్న ప్రేమను ఏమి చేయవలెను? అది పోయినవారికి చేరదు, లోపల దాచుకొన్న శోకమగును. దానికి శాస్త్రము చూపిన దారి దానము. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అను నాలుగు దానములలో ఆహారము మొదట చెప్పబడినది. పోయినవారి పేర, ఎదుట నున్నవారికి పెట్టుటయే జైనుని స్మృతి. జీవుల స్వభావము ఒకరికొకరు ఉపకారము చేసికొనుటయే యని ఉమాస్వాతి ఆచార్యులే మరియొక చోట చెప్పిన భావము కూడ ఇదియే.

2. శ్రేయాంసుని జ్ఞాపకము

జ్ఞాపకమునకు, ఆహారమునకు గల సంబంధమును తెలుపు కథలలో శ్రేయాంసుని కథకు సాటి లేదు. తొమ్మిదవ శతాబ్దమున జినసేనాచార్యులు సంస్కృతమున ఆదిపురాణము రచించిరి. ఆ కథనే క్రీ.శ. 941లో పంపకవి కన్నడమున ఆదిపురాణముగ వ్రాసెను.

ఋషభదేవుడు దీక్ష వహించి ఆరు మాసములు ఉపవసించి, పిదప ఆహారమునకై ఊరూర సంచరించెను. ఈ యుగమున ఆయనయే మొదటి ముని. మునికి ఆహారము పెట్టు విధము లోకమున ఎవరికిని తెలియదు. ప్రజలకు భక్తి లేక కాదు. ఒకరు ఏనుగును తెచ్చిరి, ఒకరు గుఱ్ఱమును తెచ్చిరి. రత్నములు, వస్త్రములు తెచ్చినవారు కలరు. కన్యలను సమర్పింప వచ్చినవారును కలరు. స్వామి మౌనముగ ముందుకు సాగిపోయెను. దీక్ష నాటి నుండి సంవత్సరము దాటినను ముద్ద అన్నము దొరకలేదు. ఇల్లిల్లును నిండియున్నది, ఇచ్చుటకు చేతులున్నవి, కాని ఏమి ఈయవలెనో ఎరిగినవాడు లేడు.

స్వామి హస్తినాపురమునకు వచ్చినప్పుడు రాజకుటుంబములోని శ్రేయాంసుడు ఆయనను చూచెను. చూడగానే అతనికి పూర్వజన్మ స్మృతి కలిగెను. కొన్ని జన్మముల క్రిందట స్వామి వజ్రజంఘుడను రాజుగను, తాను అతని రాణి శ్రీమతిగను ఉండిరి. ప్రయాణములో ఒక సరస్సు తీరమున విడిది చేసి, ఇద్దరును కలిసి ఆకాశగాములైన ఇద్దరు మునులకు ఆహారము పెట్టిరి. ఆ మునులు తమ కడసారి కవల కుమారులే యని పిదప తెలిసెను. అప్పుడు మునికి ఎట్లు ఎదురేగిరో, ఎట్లు నిలిపిరో, ఏమి వడ్డించిరో శ్రేయాంసునకు కన్నులకు కట్టినట్లు తోచెను. ఆ సమయమునకు చెరకు రసము సిద్ధముగ నుండెను. దానినే స్వామి దోసిట పోసెను. ఆ దినమే వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ. శ్వేతాంబర గ్రంథములలో పూర్వజన్మ కథ కొంత వేరుగ నున్నను, జ్ఞాపకము వలననే దానవిధి తెలిసినదనుటలో భేదము లేదు.

ఈ కథలో గమనింపవలసినవి మూడు. మొదటిది, ఏనుగుకంటె చెరకు రసము గొప్పదైనది వెల చేత కాదు. అది ఎదుటివానికి కావలసినది. రెండవది, ఏమి కావలెనో శ్రేయాంసునకు తెలిపినది పాండిత్యము కాదు, ఆప్తులతో కలిసి గడపిన ఒక పూట జ్ఞాపకము. మూడవది, జినసేనాచార్యులు చెప్పిన మరియొక ముచ్చట. ఆ సరస్సు ఒడ్డున ఆహారదానము జరుగుచుండగా ఒక పులి, ఒక అడవిపంది, ఒక కోతి, ఒక ముంగిస దూరమున నిలిచి సంతోషముతో చూచినవి. పెట్టుటకు వానికి చేతులు లేవు. అయినను చూచి మెచ్చిన పుణ్యమున అవి కూడ మంచి జన్మము పొందినవి. పంక్తిలో వడ్డింపలేని ముసలివారు, పసివారు ప్రక్కన కూర్చుండి చూచి ఆనందించిన చాలునని దీని భావము.

నేటికిని వర్షీతపము చేయువారు సంవత్సరముపైన దినము విడిచి దినము ఉపవసించి, అక్షయ తృతీయ నాడు చెరకు రసముతో పారణము చేయుదురు. బెంగళూరులోని మందిరములలో అట్టి పారణములు చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. తపస్వి తన చేతితో తాను గ్లాసు ఎత్తడు. అక్క, అన్న, కోడలు, మనుమడు వరుసగ వచ్చి త్రాగింతురు. ఉపవాసము ఒంటరిగ చేయవచ్చును. పారణము ఒంటరిగ జరుగదు.

3. గొంతునకు తగిన ముద్ద

సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు చెప్పబడినవి. వానిలో ఏడవది వాత్సల్యము. ఆవునకు దూడపై నుండు ప్రేమ వంటిది, ప్రతిఫలము కోరనిది. మోహమునకు, వాత్సల్యమునకు భేదము ఇచ్చటనే కలదు. మోహము “నాది” యని పట్టుకొనును. వాత్సల్యము “నీకేమి కావలెను?” అని అడుగును. గతించిన తల్లిని తలచి ఏడ్చుచు వాకిలి మూసికొని కూర్చుండుట మోహము. ఆమెను తలచి వాకిలి తెరచుట వాత్సల్యము.

సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున వాత్సల్యమునకు విష్ణుకుమార మునిని ఉదాహరణగ పేర్కొనిరి. హస్తినాపురమున బలి యను మంత్రి, ఏడు దినముల అధికారము చేజిక్కించుకొని, అకంపనాచార్యుల సంఘములోని 700 మంది మునుల చుట్టును మంటలు వేయించెను. విష్ణుకుమారుడు పొట్టివాని రూపు దాల్చి, మూడడుగుల నేల యాచించి, బలిని అణచి మునులను రక్షించెను. ఆ దినమే శ్రావణ పూర్ణిమ. కథ అంతటితో ముగియలేదు. పొగ చేత మునుల గొంతులు పుండ్లు పడి యుండెను. గట్టి ముద్ద మ్రింగలేరు. అది గ్రహించి శ్రావకులు మెత్తని సేమియా పాయసము సిద్ధము చేసి పెట్టిరని సంప్రదాయము చెప్పుచున్నది. దిగంబర కుటుంబములలో రక్షాబంధనము నాటి పాయసమునకు ఇదియే కారణము.

మంటలార్పిన విష్ణుకుమారుని శక్తి అందరికి ఉండదు. ఎదుటివాని గొంతు ఎట్లున్నదో చూచి పాయసము కాచు శక్తి ప్రతి ఇల్లాలికిని కలదు. పండ్లు లేని మామకు మెత్తని సంగటి, చక్కెర వ్యాధిగల పినతండ్రికి బెల్లము లేని పాయసము, పరీక్షకు చదువు పిల్లవానికి వేళకు ఉప్మా, ఇవి యన్నియు వాత్సల్యాంగములే.

4. చెరువు పేరు, చిన్న గిన్నె

ఆప్తుల స్మృతిని ఎట్లు నిలుపవలెనో తెలుగు దేశములోనే ఒక పాత సాక్ష్యము కలదు. కరీంనగరు జిల్లా కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై పదవ శతాబ్దపు శాసనమున్నది. దానిని వేయించినవాడు జినవల్లభుడు, పంపకవి సోదరుడు. శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింట నున్నది. అందలి తెలుగు కంద పద్యములు తెలుగు ఛందస్సు చరిత్రలో మిక్కిలి ప్రాచీనమైనవి. జినవల్లభుడు ఆ కొండపై చక్రేశ్వరిని, జిన ప్రతిమలను చెక్కించి, బసదిని నిలిపి, తోటను వేయించి, ఒక చెరువును త్రవ్వించెను. ఆ చెరువునకు పెట్టిన పేరు కవితాగుణార్ణవము. అది పంపకవి బిరుదు. సోదరుని పేరు పలుకుటకు అతడు ఎంచుకొన్నది దాహము తీర్చు నీరు. ఆ నీరు త్రాగినవారు కవిత్వము ఎరుగకపోవచ్చును. దాహము మాత్రము తీరును.

బెంగళూరు వారికి దగ్గరి తీర్థమైన శ్రవణబెళగొళలో మరియొక పాఠము కలదు. క్రీ.శ. 981 ప్రాంతమున చావుండరాయడు తల్లి కోరిక తీర్చుటకై బాహుబలి విగ్రహము చేయించెనని ప్రసిద్ధి. అభిషేకము నాడు మంత్రి తెప్పించిన కడవల పాలు స్వామి నడుము దాటి దిగలేదట. ఒక ముసలి అవ్వ చిన్న గుల్లకాయ గిన్నెలో తెచ్చిన పాలు పాదముల వరకు పారినవట. ఆ గుల్లకాయజ్జి విగ్రహము నేటికిని స్వామికి ఎదురుగ, గిన్నె చేతబట్టుకొని నిలిచియున్నది. తల్లి కొరకు అంత పని చేసినవానికి కూడ, చిన్న గిన్నె ముందు తల వంచవలసి వచ్చినది. పెద్ద ఖర్చుతో స్మృతి దినములు జరుపువారు ఈ కథను మరువరాదు.

5. పేట జీవితము

1537లో కెంపేగౌడ నిర్మించిన పేటలో వీధులకు సరకుల పేర్లే వచ్చినవి. బియ్యమునకు అక్కిపేట, గాజులకు బళేపేట, ప్రత్తికి అరళేపేట, ధాన్యమునకు తరగుపేట. పూర్వము వర్తకుని కొట్టు క్రింద, ఇల్లు పైన. ప్రొద్దు వాలు వేళకు మెట్లెక్కి, కుటుంబముతో కూర్చుండి, దీపము పెట్టకముందే భోజనము ముగించి, మరల కొట్టులో కూర్చుండెడివాడు. రాత్రి భోజన త్యాగము అహింస కొరకు ఏర్పడిన వ్రతము. చీకటిలో కంటికి కానరాని జీవములు ఆహారమున పడకుండుటకు. కాని ఆ వ్రతమునకు మరియొక ఫలము కూడ కలిగినది. సూర్యుడే గంట కొట్టినట్లు ఇంటివారందరిని ఒక్క వేళకు ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టెను.

నేడు కొట్టు చిక్కపేటలో, ఇల్లు జయనగరములోనో రాజాజీనగరములోనో. పుష్యమాసములో సాయంత్రము 6 గంటలు దాటిన కొలది సేపటికే సూర్యుడస్తమించును. ఆ వేళకు బేరము ముదురును. కొట్టు విడిచి కదలుటకు లేదు. కావున 5 గంటలకు క్యారియరు వచ్చును. యజమాని బట్టల బేళ్ల వెనుక, ఒక కన్ను గల్లాపెట్టెపై నుంచి, నాలుగు పుల్కాలు ముగించును. ఇంట ఇల్లాలు ఒంటరిగ తినును. కుమారుడు ఆఫీసులో నేదో తినును. వ్రతము తప్పలేదు. పంక్తి మాత్రము పోయినది. 2017లో చిక్కపేటకు భూగర్భమున మెట్రో రైలు వచ్చినది. ఇల్లు చేరుటకు దారి తగ్గినది. కొట్టు మూయు వేళ తగ్గలేదు.

పంక్తి పోయిన చోట మొదట పోవునది జ్ఞాపకము. వంట గూర్చి, పెద్దల గూర్చి మాటలాడు వేళ లేదు. పిదప పోవునది స్నేహము. ఎట్లు పోవునో, ఎట్లు మరల రావచ్చునో క్రింది సంగతి తెలుపును. పేర్లతో పని లేదు.

6. ఒక ఇంటి సంగతి

పేటలో ఇద్దరు స్నేహితులు చాల సంవత్సరములు భాగస్తులుగ బట్టల వ్యాపారము చేసిరి. చిన్నవాని తల్లి ఏటేట పుష్యమాసమున అష్టమి, చతుర్దశి తిథులు తప్పించి ఒక ఆదివారము పెట్టి, పెద్దవాని కుటుంబమును పిలిచెడిది. రెండు ఇండ్లవారును కలిసి అనపకాయలు ఒలిచెడివారు. పిల్లలు చిన్నవాని ఇంట “నాయన” యనియు, పెద్దవానిని “పెదనాయన” యనియు పిలిచెడివారు. పిదప భాగము విడిపోవునప్పుడు ఒక పద్దు దగ్గర మాట పెరిగినది. ఎవరిది తప్పో ఇద్దరికిని రెండు లెక్కలు. రాకపోకలు నిలిచినవి. కొట్లు మాత్రము ఒక్క వీధిలోనే. ఒకరిని చూచి ఒకరు తల త్రిప్పుకొని పోవుచు నాలుగేండ్లు గడచినవి. ఆ నాలుగవ ఏడు మాఘములో తల్లి కాలము చేసెను.

సంవత్సరము తిరిగినది. కుమారుడు ఆమె పేర పెద్ద హాలు తీసికొని 500 మందికి భోజనము పెట్ట సంకల్పించెను. ఆ పనిలో ఇంటి పాత్రలు లెక్కించుచు, తల్లి పేరు చెక్కించిన ఇత్తడి గిన్నెల వరుసలో ఒకటి తక్కువగుట చూచెను. పనివారిని అడిగెను, అటకలు వెదకించెను. అప్పుడు కుమార్తె మెల్లగా చెప్పెను.

“అది పెదనాయన వాళ్ళింట్లో ఉంది నాయనా. అవ్వ ఏటా పితికినపప్పు చేసి వాళ్ళకు పంపేది. నేనే తీసుకపోయేదాన్ని. వదినమ్మ గిన్నెలో బెల్లమో, కలకండో పెట్టి తిరిగి ఇచ్చేది. పోయినేడు గిన్నె తిరిగి రాకముందే అవ్వ పోయింది.”

“నాతో ఎందుకు చెప్పలేదే?”

“అవ్వే చెప్పొద్దనింది. లెక్క మీ ఇద్దరిది, పప్పు నాది అనేది.”

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. తాను మాట విడిచిన నాలుగేండ్లును తన ఇంటి నుండియే గిన్నె పోవుచు వచ్చుచు నుండెను. అతడు పెట్టదలచిన 500 ఆకులలో ఆ ఇంటి ఆకు లేదు. మరునాడు కొట్టు తెరువకముందే తానే ఆ ఇంటికి పోయెను. పెద్దవాడు తలుపు తీసి కొంతసేపు మాటలాడలేదు. పిదప “రాప్పా, కూర్చో” అనెను. వచ్చిన పని చెప్పగా ఇల్లాలు లోపలినుండి తోమి పెట్టిన గిన్నె తెచ్చినది.

“ఉత్త గిన్నె ఎట్లిచ్చేదప్పా? ఆయమ్మకు ఒక్కనాడు కూడా ఉత్త గిన్నె ఇయ్యలేదు. ఆయమ్మ పోయినాక ఏం పెట్టి, ఎవరికి ఇయ్యల్లో తెలీక అట్లే పెట్టుకున్నా.”

“ఏమీ పెట్టొద్దు వదినా. మీరే రండి. ఆదివారం కాయలు ఒలుస్తాము.”

వారు వచ్చిరి. ఉదయము 8 గంటలకు చాప పరచి కాయలు పోసిరి. మొదట ఎవరికిని మాట రాలేదు. పుచ్చుకాయలో పురుగు కనబడగా పెద్దవాడు దానిని గింజతో గూడ ఒక ఆకుపై పెట్టి, పెరటిలో చెట్టు మొదట విడిచి వచ్చెను. “అమ్మ అట్లే చేసేది కదా” అనెను. ఆ ఒక్క మాటతో చాప మీద మాటలు మొదలైనవి. మధ్యాహ్నము గింజలు నాని, పిల్లలు పితికిరి. ఉల్లి, వెల్లుల్లి లేదు. కొబ్బరి, కొత్తిమీర, జీలకర్ర, మిరియాలు, ఇంగువ. శొంఠి వేయవలెనా వద్దా యని కాసేపు వాదము. సాయంత్రము 5 గంటలకు ఆకులు వేసిరి. ఆ ఇంటికి బేళ్లు మోసి ముసలివాడైన హమాలీని కూడ పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టి, మొదటి వడ్డన అతనికి చేసిరి. ప్రొద్దు క్రుంకకముందే భోజనము ముగిసెను.

ఆ పద్దు సంగతి ఆనాడు ఎవరును ఎత్తలేదు. అది ఆవర్జాలో అట్లే యున్నది. ఒక పూట భోజనము లెక్కలను తీర్చునని చెప్పరాదు. లెక్క తీరక మిగిలియున్నను ఇద్దరు మనుష్యులు ఒక పంక్తిలో కూర్చుండవచ్చునని మాత్రము ఆ పూట తెలిసినది. పోవునప్పుడు గిన్నె మరల ఆ ఇంటికే పోయెను, పప్పుతో. హాలు విందు మానుకొని, ఆ సొమ్మును ఒక విద్యార్థి వసతి గృహమున పిల్లల భోజనమునకు ఇచ్చిరి.

శ్వేతాంబర సంప్రదాయమున పర్యూషణ కర్తవ్యములు ఐదు. అభయ ప్రకటన, సాధర్మిక వాత్సల్యము, క్షమాపన, మూడుపవాసముల అట్ఠమ తపము, చైత్య దర్శనము. వాత్సల్యము ప్రక్కనే క్షమాపన నిలిపిన పెద్దల ఆలోచన ఈ ఇంటి సంగతితో చక్కగ బోధపడును. ముద్ద పెట్టినవానితో క్షమాపణ చెప్పుట సులభము. క్షమాపణ చెప్పినవానికి ముద్ద పెట్టుట ఇంకను సులభము.

7. పంక్తి ఎంత వరకు?

సాధర్మిక వాత్సల్యమనగా మనవారికే పెట్టుట యని కొందరు తలంతురు. అది సగము మాత్రమే. సాధర్మికులకు వాత్సల్యముతో, అతిథి మునులకు భక్తితో, ఇతరులందరికి కరుణతో పెట్టవలెనని శ్రావకాచారము. కర్ణాటకములో ధర్మస్థలమే దీనికి ప్రత్యక్ష ప్రమాణము. అచ్చటి దైవము మంజునాథుడు. ధర్మాధికారులైన హెగ్గడే వంశమువారు జైనులు. బిర్మణ్ణ పెర్గడే, అమ్ము బల్లాళ్తి దంపతులు వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన ఇల్లే ఆ క్షేత్రమునకు మూలమని స్థలపురాణము. నేటికిని కులము మతము అడుగక ప్రతి దినము వేలమందికి భోజనము పెట్టుచున్నారు. ఆ దంపతులను తలచుటకు ఆ పంక్తికంటె వేరు స్మారకము అక్కరలేదు.

8. ఆచరణకు

ఈ పాఠమునుండి ప్రతి కుటుంబమును గ్రహింపదగినవి క్లుప్తముగ:

1. వారమున ఒక్క దినమైనను సూర్యాస్తమయమునకు ముందు ఇంటివారందరు ఒక్క పంక్తిలో భుజింపవలెను. ఆదివారము కొట్టు మూయువారికి ఇది కష్టము కాదు.

2. ఇంటి పెద్దల వంటకమొకటి పిల్లల చేత చేయింపవలెను. కొలతలు వ్రాసికొనుట మంచిది. చేతితో చేసి నేర్చుట ఇంకను మంచిది. జీవదయతో కాయలు ఏరుట, నీరు వడకట్టుట ఆ వంటతో పాటే అలవడును.

3. గతించినవారి దినమున వారికి ఇష్టమైనది వండి, వారు ఎవరికి పెట్టెడివారో వారికే పెట్టవలెను. ఆ జాబితా ఇంటిలో ఎవరికో ఒకరికి తెలిసియుండును. అడిగి తెలిసికొనవలెను.

4. పొరుగు గిన్నెను ఉత్తదిగ తిరిగి పంపరాదు. చిటికెడు కలకండ చాలును.

5. మాట విడిచిన స్నేహితుడున్నచో పర్యూషణ వరకు ఆగనక్కరలేదు. అనపకాయల కాలము చాలును.

6. విందు పెద్దదైన కొలది ప్రక్కవాని గొంతు కనబడదు. ఒక్కరి గొంతునకు తగిన ముద్ద ఏదో కనుగొని పెట్టుటయే మేలు.

ఋషభదేవుని ఎదుట ప్రజలు రత్నములు పోసిరి. శ్రేయాంసుడు చెరకు రసము పోసెను. అతనికి తెలిసినదెల్ల, ఏనాడో ఒక సరస్సు తీరమున ఆప్తులతో కలిసి వడ్డించిన ఒక్క పూట. అట్టి పూటలను పిల్లలకు మిగుల్చుట తల్లిదండ్రుల చేతిలోని పని. కొట్టులో సరకు చెల్లిపోవును, ఆవర్జాలు చెదలు పట్టును. ఒక చాప మీద నలుగురు కూర్చుండి కాయలు ఒలిచిన పూట మాత్రము, ఎప్పుడో ఎవరికో ఏమి పెట్టవలెనో తెలియని వేళ, జ్ఞాపకమునకు వచ్చి దారి చూపును. ఈ సంవత్సరము ప్రతి ఇంటను అట్టి పూట ఒకటి కలుగుగాక.